నీలి వలయాల ఆక్టోపస్: ఒక మత్తు డాక్టరు రాత

ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషి శ్వాస ఆపడం నా ఉద్యోగంలో భాగం. ముందు నిద్రమందు ఇస్తాను. మనిషి పూర్తిగా నిద్రలోకి జారుకున్నాడని రూఢి చేసుకున్నాక వెక్యురోనియం ఎక్కిస్తాను. రెండు మూడు నిమిషాల్లో ఒంట్లో కదిలించగలిగే కండరాలన్నీ వదులైపోతాయి, ఊపిరి తీయించే కండరం డయాఫ్రం సహా. అక్కడి నుంచి సర్జను ఆఖరి కుట్టు వేసేదాకా ఆ మనిషికి ఊపిరి అందించే బాధ్యత నాదే. యంత్రం ఉంటే యంత్రంతో, కరెంటు పోయి యంత్రం ఆగితే ఊపిరి అందించే రబ్బరు సంచి, ఆంబూ బ్యాగు, చేత్తో నొక్కుతూ. విశాఖలో మమ్మల్ని అందరూ మత్తు డాక్టర్లు అంటారు. నిజానికి మత్తు సగం పనే, మిగతా సగం ఊపిరి.

మా అన్నయ్య కూతురు బ్రిస్బేన్‌లో సముద్ర జీవశాస్త్రం చదువుతోంది. మోర్టన్ బేలో ఆటు వచ్చినప్పుడు రాళ్ల మధ్య నీటిమడుగుల్లో తిరగడం దానికి చదువూ కాలక్షేపమూ కూడా. ఒకరోజు ఫోటో ఒకటి పంపి, “అత్తా, నీ పని చేసేవాడు ఇక్కడ ఒకడున్నాడు” అని రాసింది. ఫోటోలో పసుపు గోధుమ రంగులో ఒక చిన్న ఆక్టోపస్. శరీరం అయిదు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఆ రోజు నుంచి డ్యూటీ లేని రాత్రుళ్లు దాని గురించి చదవడమే పనిగా పెట్టుకున్నాను.

దాని పేరు నీలి వలయాల ఆక్టోపస్. శాస్త్రంలో హపలోక్లీనా అనే ప్రజాతి. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో ఒక జాతి, న్యూ సౌత్ వేల్స్ నుంచి దక్షిణ క్వీన్స్‌లాండ్ దాకా నీలి గీతల జాతి, పసిఫిక్ పశ్చిమాన వెచ్చని నీళ్లలో మరొకటి. ఇంటర్నెట్‌లో దీని గురించి వెతికితే మొదట ఎదురయ్యేది “సయనైడ్ కంటే వెయ్యి రెట్లు విషం” అన్న మాట. ఈ లెక్కలంటే నాకు చిరాకు. సయనైడ్ కణం లోపల ఆక్సిజన్ వాడకాన్ని దెబ్బ తీస్తుంది, ఇది నాడి సంకేతాన్ని ఆపుతుంది. రెండూ వేర్వేరు చావులు. మిల్లీగ్రాముల్లో పోల్చి ఏం లాభం? ఎన్ని రెట్లు అన్నదాని కంటే, అది ఎక్కడ పట్టుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది అన్నది తెలిస్తే మనిషిని బతికించుకోవచ్చు.

1954లో డార్విన్ దగ్గర ఈస్ట్ పాయింట్‌లో ఈటెతో చేపలు వేటాడటానికి వెళ్లిన 21 ఏళ్ల నావికుడి కథ వైద్య గ్రంథాల్లో ఉంది. అతని స్నేహితుడు ఒక చిన్న ఆక్టోపస్‌ను పట్టుకుని, కాసేపు చేతుల మీద పాకనిచ్చి, అతనికి అందించాడు. అది భుజం మీదికెక్కి మెడ వెనక కాసేపు ఆగింది. కాటు పడిన సంగతి కూడా అతనికి సరిగ్గా తెలియలేదు. కాసేపటికి నోరు ఎండిపోయింది, వాంతి వచ్చింది, కాళ్లు పట్టు తప్పాయి, శ్వాస అందలేదు. రెండు గంటల్లో ప్రాణం పోయింది. 1967లో సిడ్నీలో ఒక యువ సైనికుడు దాదాపు ఇలాగే చనిపోయాడు. కచ్చితంగా నమోదైన మరణాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఈ జీవి దానంతట అది మనిషి జోలికి రాదు. అరచేతిలో పెట్టుకుని ఆడించినవాళ్లకో, తెలియక తొక్కినవాళ్లకో, గవ్వలో దాక్కున్నదాన్ని గవ్వతో సహా జేబులో వేసుకున్నవాళ్లకో ముప్పు.

ఆ కాటులో ఉన్న ముఖ్యమైన విషం టెట్రోడోటాక్సిన్. జపానులో ప్రాణాల మీదికి తెచ్చుకుని మరీ తినే ఫుగు చేపలో ఉన్నదీ ఇదే. దానికి ఆ పేరు పెట్టినవాడు యోషిజుమి తహారా, 1909లో. ఆక్టోపస్ విషాన్ని మాత్రం చాలాకాలం వేరే పదార్థం అనుకుని మాక్యులోటాక్సిన్ అని పిలిచారు. 1978లో ఆస్ట్రేలియా పరిశోధకులు రెండూ ఒకటేనని తేల్చారు. అంతకు ముందు 1964లోనే కాలిఫోర్నియా నీటి బల్లి న్యూట్‌లో ఉన్నదీ ఇదే అణువని తెలిసింది. చేప, ఉభయచరం, మెత్తని శరీరం ఉన్న ఆక్టోపస్, కొన్ని పీతలు, నత్తలు, నక్షత్ర చేపలు. చుట్టరికం బొత్తిగా లేని ఇన్ని జీవుల్లో ఒకే అణువు దొరకడం మామూలు విషయం కాదు.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన భాగానికి వస్తాను. నాడి వెంట సంకేతం నడవాలంటే నాడీకణం పొరలోని సోడియం చానళ్లు అనే సన్నని ద్వారాలు తెరుచుకుని సోడియం అయాన్లను లోపలికి వదలాలి. పన్ను పీకేటప్పుడు ఇచ్చే లిగ్నోకైన్ చేసేది ఆ చానళ్లను కణం లోపలి వైపు నుంచి మూసేయడం. టెట్రోడోటాక్సిన్ అదే చానల్‌ను బయటి వైపు నుంచి మూస్తుంది. సీసా మూతికి సరిగ్గా సరిపోయిన బిరడా అనుకోండి. ఆ అణువులో ఒక కొసన ఉండే గ్వానిడీనియం అనే ధనావేశపు భాగం చానల్ నోట్లో ఇరుక్కుంటుంది. సోడియం వెళ్లలేదు, సంకేతం పుట్టదు, కండరానికి ఆజ్ఞ అందదు. 1964లో తోషియో నరహాషి, ఆయన సహచరులు దీన్ని నిరూపించాక ఈ విషం ప్రయోగశాలల్లో నాడీ శాస్త్రవేత్తల పనిముట్టుగా మారిపోయింది. సోడియం చానళ్ల గురించి మా పాఠ్యపుస్తకాల్లో ఉన్నదాంట్లో పెద్ద భాగం ఈ విషం చలవే.

మరి గుండె? గుండె కండరంలోని సోడియం చానల్ వేరే రకం. విషం పట్టుకునే చోట ఒక అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్ గొలుసులో ఒక పూస, తేడా. ఆ ఒక్క మార్పు వల్ల ఈ అణువు అక్కడ గట్టిగా అతుక్కోదు. అందుకే కాటు పడినవాడి డయాఫ్రం ఆగిపోయినా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. రక్తపోటు పడిపోతుంది నిజమే, దాన్ని మందులతోనూ సెలైన్‌తోనూ లాక్కురావచ్చు. మనిషిని చంపేది ప్రాణవాయువు అందకపోవడం. ఇంకో సంగతి: ఈ విషం మామూలుగా మెదడులోకి పెద్దగా చొరబడదు. అంటే కాటు పడినవాడు రెప్ప కూడా కదపలేని స్థితిలో, చుట్టూ ఉన్నవాళ్లు “పోయాడు” అనుకుంటున్న మాటలు వింటూ ఉండవచ్చు.

ఇది చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది కట్లపాము. జిల్లా ఆస్పత్రిలో పనిచేసిన రోజుల్లో వానాకాలం వచ్చిందంటే తెల్లవారుజామున తీసుకొచ్చే కేసులవి. నేల మీద చాప వేసుకుని పడుకున్న మనిషి, కాటు వేసిన గుర్తు కూడా సరిగ్గా కనిపించదు, నొప్పి లేదు, రెప్పలు వాలిపోయి ఉంటాయి, మాట ముద్దగా వస్తుంది. కట్లపాము విషం పనిచేసేది నాడి కండరాన్ని కలిసే కొసన, ఆక్టోపస్ విషం నాడి పొడవునా. ఫలితం మాత్రం ఒకటే. తేడా ఏమిటంటే పాముకాటుకు మన దగ్గర విరుగుడు ఇంజెక్షన్ ఉంది. టెట్రోడోటాక్సిన్‌కు విరుగుడు లేదు. అయినా నాకు భయం వేసేది పామంటేనే. ఆక్టోపస్ విషాన్ని మూత్రపిండాలు బయటికి పంపేస్తాయి. సాధారణంగా ఒక రోజు పాటు ఊపిరి అందిస్తే మనిషి లేచి కూర్చుంటాడు. కట్లపాము రోగి ఒక్కోసారి రోజుల తరబడి వెంటిలేటర్ మీదే ఉంటాడు.

విషం ఎక్కడ దాచుకుంటుంది అన్నది రెండో విషయం. పాముకు తలలో, తేలుకు తోకలో అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఈ ఆక్టోపస్ నిలువెల్లా విషమే. కాటుకు పనికొచ్చే విషం వెనక లాలాజల గ్రంథుల్లో ఉంటుంది. అక్కడి నుంచి నాళం ద్వారా, ఎనిమిది చేతుల నడుమ ఉన్న గట్టి ముక్కు దగ్గరికి వస్తుంది. పీతను పట్టుకుని దాని పెంకు మీద కొరికి, విషపు లాలాజలం లోపలికి వదిలి, కదలిక ఆగాక లోపలి మాంసం తింటుంది. లాలాజలంలో ఈ ఒక్కటే కాదు, ఇతర ప్రోటీన్లు, ఎంజైములు కూడా ఉంటాయి. కానీ పరిశోధకులు ఒక్కో అవయవాన్నీ విడిగా పరీక్షిస్తే టెట్రోడోటాక్సిన్ చేతుల్లోనూ దొరికింది, శరీరపు తిత్తి కండరంలోనూ దొరికింది, జీర్ణావయవాల్లోనూ దొరికింది. చేతులు ఎవరినీ కరవవు కదా! అక్కడ విషం ఉన్నది వేటకు కాదు, తనను మింగడానికి వచ్చినదానికి. వండినా ఈ అణువు చెడిపోదు. తైవాన్‌లో ఈ జాతి ఆక్టోపస్‌ను తెలియక వండుకుని తిన్నవాళ్లకు విషం ఎక్కిన సంఘటన పరిశోధన పత్రాల్లోకెక్కింది.

ఒంటినిండా విషం మోస్తున్న జీవి తానెందుకు పడిపోదు? దాని సోడియం చానళ్లే మారిపోయాయి. విషం ఇరుక్కునే ద్వారం అంచున కొన్ని అమైనో ఆమ్లాలు వేరు. ఫుగు చేపలోనూ, న్యూట్‌లోనూ, ఆ న్యూట్‌ను తినే గార్టర్ పాములోనూ ఇలాంటి మార్పులే, దాదాపు ఇవే చోట్ల, ఎవరికి వారే విడివిడిగా తెచ్చుకున్నారు. మా గుండెల్లోని చానల్‌ను కాపాడే ఉపాయం కూడా ఈ కుటుంబంలోదే. పరిణామానికి తాళాలు మార్చడానికి అంతకన్నా వేరే చోటు దొరకలేదేమో అనిపిస్తుంది.

అసలు ఈ అణువును తయారు చేసేదెవరు అన్న దగ్గర శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. 1980ల చివర జపాను పరిశోధకులు ఈ ఆక్టోపస్ నుంచి తీసిన బ్యాక్టీరియాలో టెట్రోడోటాక్సిన్‌ను గుర్తించారు. దాంతో సూక్ష్మజీవులే ఇస్తున్నాయన్న వాదన బలపడింది. 2011లో వచ్చిన ఒక అధ్యయనం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. తల్లి తన విషంలో కొంత గుడ్లకు పంచుతుంది. అంతవరకు ఆశ్చర్యం లేదు. గుడ్లు పెట్టిన తర్వాత, లోపల పిండం పెరుగుతున్న కొద్దీ విషం మోతాదు కూడా పెరిగింది. బయటి నుంచి తిండి ఏదీ అందని గుడ్డులో! అంటే ఆ పిండమో, దానితో పాటు గుడ్డులోకి చేరిన సూక్ష్మజీవులో అక్కడే తయారు చేసుకుంటున్నట్టు. దక్షిణ ఆస్ట్రేలియా జాతి తల్లి ఆ గుడ్లను చేతుల కింద పొదువుకుని, తిండి మానేసి, పిల్లలు బయటపడే రోజులకు తాను చనిపోతుంది. ఆమె ఇచ్చే ఆస్తి అంతా అందులోనే ఉంది.

నీలి వలయాల గురించి ఎక్కువ చెప్పను, ఫోటోలు అందరూ చూసే ఉంటారు. ప్రశాంతంగా ఉన్నప్పుడు అవి సరిగ్గా కనిపించవు. బెదిరిస్తే సెకనులో మూడో వంతులో మెరుస్తాయి. ఆ నీలం రంగు పదార్థం కాదు, కాంతిని తిప్పికొట్టే పలుచని పొరల వరస. ఆ పొరలు చర్మంలో చిన్న సంచుల్లో దాగి ఉంటాయి. కండరాలు సంచి మూతిని తెరుస్తాయి, చుట్టూ ముదురు గోధుమ రంగు కణాలు విప్పారి నీలాన్ని ఎత్తి చూపుతాయి. 2012లో వచ్చిన ఈ పరిశోధనలో నాకు నచ్చిన సంగతి: వలయం మెరవాలన్నా నాడి సంకేతమే వెళ్లాలి. నాడులను ఆపే విషాన్ని మోస్తూ, నాడులతోనే హెచ్చరిక జెండా ఊపుతోంది.

ఇక 2025 మార్చిలో వెలువడిన పత్రం. మా మేనకోడలు దీన్ని పంపిస్తూ శీర్షికలో నవ్వు బొమ్మలు పెట్టింది. చదివాక నాకు నవ్వు రాలేదు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన వెన్ సుంగ్ చుంగ్ బృందం నీలి గీతల ఆక్టోపస్‌ల జతకట్టడాన్ని గమనించింది. ఈ జాతిలో ఆడది మగదాని కంటే బాగా పెద్దది. జతకట్టాక మగదాన్ని తినేయడం ఆక్టోపస్‌లలో కొత్త కాదు. కొన్ని జాతుల మగవి పొడవైన చేయి చాచి దూరం నుంచే పని ముగించుకుంటాయి. ఈ మగదానికి ఆ వీలు లేదు, జతకట్టే చేయి పొట్టిది, ఆడదాని వీపు మీదికి ఎక్కాల్సిందే. ఎక్కిన వెంటనే అది ఆడదాని తల వెనక భాగాన్ని కొరుకుతుంది. ఎక్కడ పడితే అక్కడ కాదు, మహాధమని ఉన్న చోట. ఆడది పెనుగులాడుతుంది, రంగు పాలిపోతుంది, శ్వాస నెమ్మదించి దాదాపు ఎనిమిది నిమిషాలకు ఆగిపోతుంది. కాంతి పడినా కళ్లు స్పందించవు. మగది తన పని చేసుకుంటుంది. ఆడదాని చేతుల్లోకి బలం తిరిగి వచ్చి, అది మగదాన్ని నెట్టేయడంతో ముగుస్తుంది. గమనించిన ఆడవి ఏవీ చనిపోలేదు. మగదాని లాలాజల గ్రంథులు ఆడదాని వాటికంటే సుమారు మూడు రెట్లు బరువు. వేటాడటం ఇద్దరికీ సమానమే కదా, ఆ అదనపు గ్రంథి దేనికో ఇప్పుడు అర్థమవుతోంది.

మందు సరైన రక్తనాళంలోకి, సరైన మోతాదులో, మనిషి తిరిగి లేచేటట్టు ఇవ్వడం నేర్చుకోవడానికి నాకు పీజీలో మూడేళ్లు పట్టింది. అయిదు సెంటీమీటర్ల మగ ఆక్టోపస్‌కు అది పుట్టుకతో వచ్చింది. అలాగని దాన్ని మెచ్చుకోవడానికి మనసు ఒప్పదు. వార్తల్లో చాలాచోట్ల “మత్తు ఇచ్చి జతకట్టే ఆక్టోపస్” అని రాశారు. అది మత్తు కాదు. వెక్యురోనియం లాంటిది ఇచ్చి నిద్రమందు ఇవ్వకపోతే రోగి అన్నీ వింటూ, అన్నీ తెలుస్తూ, కదలలేక పడి ఉంటాడు. మా వృత్తిలో అంతకంటే ఘోరమైన తప్పు లేదు. ఆడ ఆక్టోపస్ అనుభవం ఏమిటో నేను చెప్పలేను గానీ, కండరాలు చచ్చుబడటానికి మత్తు అని పేరు పెడితే ఊరుకోను. ఈ మాట మేనకోడలితో అంటే, “అత్తా, ఆడది లేచిన తర్వాత మగదాన్ని తినొచ్చు, అది కూడా లెక్క వేసుకో” అంది. దాని లెక్క దానిది.

విషం నీలి వలయాల వాటి సొత్తు మాత్రమే అనుకోకండి. ఆక్టోపస్‌లన్నింటికీ ఏదో ఒక రకం విషపు లాలాజలం ఉంటుందని ఇప్పుడు శాస్త్రవేత్తల అభిప్రాయం. మనిషికి ప్రమాదకరమైనవి మాత్రం ఇవే. నేపుల్స్‌లో పనిచేసిన ఘిరెట్టి 1959లో మామూలు ఆక్టోపస్ లాలాజలంలో పీతలను పడగొట్టే ప్రోటీన్‌ను గుర్తించి సెఫలోటాక్సిన్ అన్నాడు. అంటార్కిటికా ఆక్టోపస్‌ల విషం సున్నా కంటే తక్కువ ఉష్ణోగ్రతలోనూ పనిచేస్తుందని 2010లో తేలింది. ఇటలీ ఔషధ శాస్త్రవేత్త విట్టోరియో ఎర్స్‌పామర్ అయితే ఆక్టోపస్ లాలాజల గ్రంథులను గనిలా తవ్వాడు. ఆయన ఎంటరమైన్ అని పిలిచిన పదార్థం ఆ గ్రంథుల్లో పుష్కలంగా దొరికింది. 1952లో అదీ, మన ఒంట్లో సంకేతాలు మోసే సెరటోనిన్ అన్న రసాయనమూ ఒకటేనని తేల్చాడు. ఆపరేషన్ తర్వాత వాంతులు రాకుండా నేను రోజూ ఇచ్చే ఒండన్‌సెట్రాన్ అడ్డుకునేది ఆ సెరటోనిన్ పనినే. ఆక్టోపమైన్ అనే మరో రసాయనాన్నీ ఆయనే ఈ గ్రంథుల్లో కనుక్కున్నాడు. టెట్రోడోటాక్సిన్‌ను కూడా అతి చిన్న మోతాదుల్లో క్యాన్సర్ నొప్పికి వాడవచ్చా అని కెనడాలో రోగుల మీద పరీక్షలు జరిగాయి. నొప్పిని మోసే నాడి సంకేతానికి కూడా సోడియం చానల్ కావాలి మరి.

మన సముద్రంలో ఇవి ఉన్నాయా అని ఈ విషయం చెప్పిన ప్రతిసారీ అడుగుతున్నారు. హపలోక్లీనా నీర్‌స్ట్రాజీ అనే జాతిని 1938లో బంగాళాఖాతంలో దొరికిన ఒకే ఒక్క నమూనా ఆధారంగా వర్ణించారు. రెండో నమూనా గురించి రాసింది 2013లో. అంత అరుదు. రుషికొండలో కాళ్లు తడుపుకోవడానికి దీని గురించి భయపడాల్సిన పని లేదు. కానీ అండమాన్ యాత్రలకూ, ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరికీ వెళ్లేవాళ్లు మనలో ఎక్కువయ్యారు. అందుకని మత్తు డాక్టరుగా నాలుగు ముక్కలు. ఒడ్డున దొరికిన గవ్వలోకి వేలు పెట్టకండి, చిన్న ఆక్టోపస్‌ను చేతిలోకి తీసుకోకండి. ఎవరికైనా కాటు పడిందన్న అనుమానం వస్తే నొప్పి కోసం ఎదురుచూడకండి, నొప్పి ఉండకపోవచ్చు. పెదవులు, నాలుక తిమ్మిరెక్కడం మొదటి గుర్తు. అంబులెన్సుకు ఫోను చేయండి. చేతికో కాలికో పడితే సాగే బ్యాండేజీ వెడల్పుగా, గట్టిగా చుట్టి ఆ అవయవాన్ని కదలకుండా ఉంచండి. కోసి పీల్చడం లాంటి సినిమా వైద్యం వద్దు. శ్వాస ఆగితే నోటితో ఊపిరి ఊదండి. అలసిపోతే పక్కవాళ్లకు అప్పగించండి, ఆపవద్దు. కనుపాపలు పెద్దవై బిగుసుకుపోయినా, ఒంట్లో కదలిక లేకపోయినా చనిపోయాడని మీరు నిర్ణయించకండి. ఆ కళ్లను కదలనివ్వనిది విషం. ఊదుతున్నంతసేపూ అతనితో మాట్లాడుతూ ఉండండి, ఆస్పత్రికి వెళ్తున్నామని చెప్పండి. వింటూ ఉంటాడు.